టైంటేబుల్లో లేని పేపరు

పరీక్షలకి టైంటేబుల్ వేసుకోవడంలో ఉన్న సుఖం పరీక్షలకి చదవడంలో లేదు. స్కెచ్ పెన్నులు కొంటారు, స్కేలు పెట్టి గళ్లు గీస్తారు, పైన దేవుడి బొమ్మ అంటిస్తారు, మొదటి గడిలో ‘ఉదయం 4 గంటలు’ అని రాస్తారు. ఆ గడిని ఇంట్లో ఎవరూ నమ్మరు, రాసిన మనిషితో సహా. అయినా గోడకి అంటించి రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే సగం సిలబస్ అయిపోయినంత తృప్తిగా ఉంటుంది. దీన్ని నేను ఎగతాళి చెయ్యను. పంచవర్ష ప్రణాళికలు వేసుకున్న దేశంలో పుట్టాం, ఆమాత్రం ఆశ లేకపోతే ఎలా? నా పేచీ వేరేచోట ఉంది. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై మండపేటలో కూచున్న పాపానికి, తెలుగు మీడియంలో చదువుకుని ఇంగ్లీషులో పరీక్ష రాయబోయే పిల్లల టైంటేబుళ్లు చాలానే నా చేతికొచ్చాయి. వాటిల్లో ఒక పేపరు ఎప్పుడూ కనిపించదు. రోజూ అన్నిటికంటే ఎక్కువ టైము తినేది అదే.

కలువపువ్వు సెంటర్‌కి ఇవతల, మా వీధిలో ఓ రైసుమిల్లు గుమాస్తాగారున్నారు. ఆయన పెద్దమ్మాయి బి.కాం. రెండో ఏడాది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమే కాబట్టి అటు వెళ్లక తప్పలేదు. మా గోదావరి జిల్లాల కాలేజీలకి పట్టాలిచ్చేది రాజమండ్రిలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం. తెలుగులో తొలి కావ్యానికి శ్రీకారం చుట్టినాయన పేరు పట్టా మీద ఉంటుంది, పట్టాకి దారి మాత్రం ఇంగ్లీషులోంచి పోతుంది. యూనివర్సిటీని అనడానికి లేదు, రాష్ట్రమంతా అదే రూలు.

ఆ అమ్మాయి టైంటేబుల్ తన స్నేహితురాలి దగ్గర దించుకొచ్చింది. ఆ స్నేహితురాలు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. అకౌంట్సుకి గంటన్నర, ఎకనమిక్సుకి గంట, బిజినెస్ లాకి గంట, ఇలా లక్షణంగా ఉంది. స్నేహితురాలు గంటలో ఓ పాఠం దాటుతుంది. ఈ అమ్మాయి అదే గంటలో మూడో పేజీలో ఉంటుంది. వారం తిరిగేసరికి టైంటేబుల్ ఒకచోట, మనిషి ఒకచోట. అప్పటికే రెండు పేపర్లు మిగిలిపోయి ఉన్నాయేమో, ‘మావయ్యగారూ, నాకు బుర్ర లేదండీ’ అని తేల్చేసింది. తప్పు బుర్రలో లేదు, లెక్కలో ఉందని నా అనుమానం.

ఎకనమిక్సు పుస్తకంలో ఓ పేజీ నా ముందు చదవమన్నాను. డిమాండ్ సూత్రం. ఎక్కడ ఆగుతోందో చూడ్డమే నా పని. పెద్ద పెద్ద పారిభాషిక పదాల దగ్గర ఆగుతుందనుకుంటాం. ఆగలేదు. డిమాండ్, సప్లై, మార్కెట్, ప్రైసు, మా ఊళ్లో ఇవి ఇంగ్లీషు మాటలని ఎవరూ అనుకోరు. చుట్టుపక్కలంతా కోళ్లఫారాలు. కార్తీకమాసం రాగానే సగం ఊరు గుడ్డు మానేస్తుందనీ, రేటు పడిపోతుందనీ చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆమె ఆగింది ఎక్కడయ్యా అంటే, ‘అదర్ థింగ్స్ రిమైనింగ్ ది సేమ్’ అన్న ముక్క దగ్గర. ఒక క్షణం ఆగి, అదేదో అలంకారం అనుకుని దాటేసింది. అసలు సూత్రం ప్రాణం అందులో ఉంది. మిగతావన్నీ ఎక్కడివక్కడ ఉంటేనే ధర తగ్గితే కొనేవాళ్లు పెరుగుతారు. కార్తీకంలో మిగతావన్నీ ఎక్కడివక్కడ ఉండవు, అభిరుచే మారిపోయింది, అందుకని గుడ్డు ధర తగ్గినా కొనేవాడు రాడు. ఈ మాట తెలుగులో చెప్పగానే ఆమె ఇంకో నాలుగు ఉదాహరణలు చెప్పింది, పుస్తకంలో ఉన్నవాటికంటే మంచివి.

అంటే ఆమెకి ఎకనమిక్సు వచ్చు. ఇంగ్లీషులో పేర్లు కూడా వచ్చు. రానిది కీళ్లు. అన్‌లెస్, వేరాజ్, ప్రొవైడెడ్ దట్, నాట్ ఓన్లీ అంటూ వాక్యాన్ని ఇటునుంచి అటు తిప్పే చిన్న చిన్న మాటలు. మన స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాలు కూరగాయల పేర్లతో మొదలవుతాయి. వంకాయని ఇంగ్లీషులో ఏమంటారో ఏ బి.కాం. పేపరులోనూ అడగగా నేను చూడలేదు.

దీనికి తోడు వాక్యం నడక. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అన్నీ వరసగా పోగేసుకుని ఆఖర్న ముడి వేస్తాం. చదివేవాడు ఆ ముడి కోసం ఎదురు చూస్తూ చదువుతాడు. ఇంగ్లీషు ముందే ముడి వేసేసి, ఆ తరవాత ఒకదానికొకటి తగిలిస్తూ పోతుంది. చివర ఏదో వస్తుందని కాచుకు కూర్చున్న పిల్లకి చివర ఫుల్‌స్టాపు తప్ప ఏమీ దొరకదు. మళ్లీ మొదటికి వెళ్తుంది. ఒక్కో వాక్యాన్ని రెండుసార్లు, కొన్నిటిని మూడుసార్లు చదువుతుంది. పేజీకి ఇన్ని నిమిషాలని టైంటేబుల్లో రాసుకున్నది ఒక్కసారి చదవడానికి. మిగిలిన చదువులే ఆ కనిపించని పేపరు.

స్పెయిన్‌లోనో మెక్సికోలోనో పుట్టి స్పానిష్‌లో పెరిగిన పిల్ల ఇంగ్లీషులో పరీక్షకి కూర్చోవలసి వచ్చినా ఈ బాధ కొంత ఉంటుంది. కానీ ఆమెకి లిపి అదే, పుస్తకాల్లో వాడే బరువైన మాటల్లో సగం లాటిన్ నుంచి రెండు భాషలకీ వచ్చినవే, క్రియ కూడా దాదాపు అక్కడే కూర్చుంటుంది. మనకి మూడూ లేవు. ఈ తేడాని గంటల్లో కొలిచినవాళ్లున్నారు. అమెరికా విదేశాంగ శాఖ తమ దౌత్యవేత్తలకి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఇంగ్లీషు మాట్లాడేవాడికి స్పానిష్ రావడానికి సుమారు 600 నుంచి 750 క్లాసు గంటలు అని లెక్క. తెలుగుకి 1100. అటునుంచి ఇటు రావడానికి అంత దూరమైతే ఇటునుంచి అటు వెళ్లడానికి దగ్గరవుతుందా? బస్టాండులో ‘30 రోజుల్లో ఇంగ్లీషు’ పుస్తకాలు అమ్ముతారు. 30 రోజులూ నిద్ర, భోజనం మానేసి చదివినా 720 గంటలే. స్పానిష్ దగ్గర దిగిపోవాలి.

జీతమిచ్చి, మాస్టారుని పెట్టి, టైమిచ్చి భాష నేర్పడం ఆ అమెరికా వాళ్లు కనిపెట్టినదేం కాదు. మన తెలుగు విషయంలోనే అది జరిగింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి వచ్చిన కుర్రాళ్లకి దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో అక్కడికి వచ్చాడు. వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు, పరీక్ష రాశాడు, 1820లో కడపలో ఉద్యోగానికి వెళ్లాడు. తరవాత రాజమండ్రిలోనూ పనిచేశాడు. 1852లో అచ్చయిన ఆయన నిఘంటువు ఇవాళ్టికీ మన బల్లల మీద ఉంది. బ్రౌన్ గొప్పవాడే, సందేహం లేదు. కానీ ఆ గొప్పదనం మొలకెత్తడానికి మూడేళ్లు దొరికాయి, గురువు దొరికాడు, నేర్చుకుంటున్నంతకాలం చేతిలో డబ్బు దొరికింది. ఆ మూడేళ్లలో ఆయన్ని తెలుగులో అకౌంట్సు రాసి చూపించమని ఎవరూ అడగలేదు. మా గుమాస్తాగారి అమ్మాయికి జూన్‌లో పుస్తకాలిచ్చి, ఆర్నెల్లకి భాషా, సబ్జెక్టూ రెండూ ఒక్క తెల్లకాగితం మీద అప్పజెప్పమంటున్నాం. పైగా తప్పితే ఫీజు కట్టాలి.

మీడియం గొడవ గురించి ఇక్కడ ఓ మాట, ఒక్కటే. 2019 నవంబరులో ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, ఆ ఏడాది నుంచే ఒక పేజీ తెలుగు, దాని ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. టీవీల్లో రెండు పక్షాలూ గట్టిగానే అరుచుకున్నాయి. మాతృభాష కావాలన్నవాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారని వీళ్లూ, ఇంగ్లీషు చెప్పడానికి టీచర్లేరని వాళ్లూ. ఈ అరుపుల్లో గంటల సంగతి ఎవరూ ఎత్తలేదు. మీడియం మారినప్పుడు పిల్లకి రోజుకి ఎంత టైము అదనంగా పడుతుంది, అది ఎక్కణ్ణించి తెచ్చి ఇస్తారు అని అడిగినవాళ్లు నాకు కనపళ్లేదు. ఆ రెండు పేజీల పుస్తకం మాత్రం నాకు నచ్చింది. అదొక్కటే కాస్త గడియారం చూసి చేసిన పనిలా ఉంది.

ఇంగ్లీషు లేకపోతే బతుకు లేదని ఆ పిల్లని భయపెట్టడం కూడా నాకిష్టం లేదు. శ్రీకాకుళం జిల్లా పలాస వైపు నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్ మెయిన్స్‌ని తెలుగులో రాసి దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నాడు. ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే. అయితే ఆ పరీక్షలోనూ 300 మార్కుల ఇంగ్లీషు పేపరొకటి ఉంటుంది. దాని మార్కులు ర్యాంకులో కలవవు గానీ, నాలుగోవంతు తెచ్చుకోకపోతే మిగతా పేపర్లు లెక్కలోకే రావు. తెలుగులో రాసేవాడు కూడా ఆ పేపరుకి కొన్ని గంటలు పక్కన పెట్టుకోవలసిందే. నీట్ 2017 నుంచి తెలుగులో రాయొచ్చు, అయితే రెండు భాషల్లో ప్రశ్నకి తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే ప్రమాణం. ఎటు తిరిగినా ఆ ఖర్చు తప్పదు. ముందే లెక్కేసుకుంటామా, పరీక్ష హాల్లో తెలుసుకుంటామా అన్నదొక్కటే మన చేతిలో ఉంది.

సరే, టైంటేబుల్ తిరగరాయాలి. ఎలా? మా ప్రాంతంలో వరి ఎలా పండిస్తారో అలా అన్నాను ఆ అమ్మాయితో. ఎకరం పొలానికి అయిదు సెంట్ల నారుమడి చాలు. విత్తనం ఆ కాస్త చోట మొలుస్తుంది, నీళ్లూ ఎరువూ కాపలా అన్నీ అక్కడే. తరవాత తీసి పెద్ద పొలంలో నాటుతారు. కొత్త విషయమేదైనా ముందు తెలుగులో మొలవనియ్యి. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకం ఉందిగా, అందులో ఆ పాఠం పది నిమిషాలు చూడు, లేదా మీ నాన్నని అడుగు. ఆయన రోజూ చిట్టా, ఆవర్జా రాస్తూనే ఉన్నారు, తరుగుదల అంటే ఏమిటో మిల్లులో మోటారు చూపించి చెప్తారు. విషయం వేరు పట్టిందనుకున్నాక ఇంగ్లీషు పేజీ తెరువు. అప్పుడు నువ్వు రెండు తెలియనివాటితో కుస్తీ పట్టవు, ఒక్కదానితోనే పడతావు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. తెలుగులో అర్థమైంది కదా, పరీక్ష ముందు ఇంగ్లీషులో ఓసారి చూసుకుందాంలే అనుకుంటారు. నారు 25, 30 రోజులు దాటి మడిలోనే ఉండిపోతే ముదిరిపోతుంది. ముదురు నారు నాటితే పిలకలు వెయ్యదు, చేను పచ్చగా కనబడుతుంది గానీ దిగుబడి రాదు. అందుకని ఇవాళ తెలుగులో తెలిసింది రేపు సాయంత్రానికి ఇంగ్లీషులో అయిదు వాక్యాలుగా కాగితం మీద పడాలి. తప్పులుంటాయి, ఉండనీ. చదవడానికి పెట్టుకున్న టైములో మూడోవంతు రాయడానికి మళ్లించమన్నాను. ఆమె కంగారు పడింది. ‘అయితే సిలబస్ ఎప్పుడవుతుందండీ?’ మంచి ప్రశ్నే. ఇప్పటి లెక్కన కూడా అవట్లేదు కదా అన్నాను. ఇది జవాబు కాదని తెలుసు, కానీ ఆ పూటకి సరిపోయింది.

ఆ రాత్రి కూర్చుని ఆమె సబ్జెక్టులన్నీ చూశాను. ఇంగ్లీషు అన్ని సబ్జెక్టుల మీదా ఒకేలా పడదు. అకౌంట్సులో తక్కువ, అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. ఓ పాతిక, ముప్ఫై మాటలు పట్టుకుంటే లెక్కలన్నీ నడుస్తాయి. ఎకనమిక్సులో మధ్యరకం. బిజినెస్ లా దగ్గర నడ్డి విరుగుతుంది. భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. విక్టోరియా రాణి కాలంలో లండన్ న్యాయకోవిదుల చేతుల్లో రూపు దిద్దుకున్న వాక్యాలు, మండపేటలో పంతొమ్మిదేళ్ల పిల్ల రాత్రి తొమ్మిదింటికి చదువుతోంది. ఆ వాక్యం ఇవాళ్టి లండన్ పిల్లకి కూడా ఒక్కసారిలో ఎక్కదు. మరి దానికి అకౌంట్సుకంటే తక్కువ టైమిస్తే అదేం న్యాయం? లాకి గంటన్నర చేశాం. అకౌంట్సులో లెక్కలకి అరగంట తగ్గించాం. విచిత్రం చూడండి, ఇంగ్లీషు పేపరు ఉంది చూశారూ, దానికి అసలు ఇంగ్లీషు ఖర్చు పెద్దగా లేదు. పాత ప్రశ్నలు తిప్పితే పాసైపోవచ్చు. మన చదువులో ఇంతకన్నా పెద్ద జోకు నాకు తెలీదు.

పాత ప్రశ్నపత్రాలు పుస్తకాలకంటే ముందు చదవమన్నాను. సమాధానాల కోసమని అనుకోకండి. ప్రశ్న ఏం అడుగుతోందో గుర్తుపట్టడానికి. డిఫైన్ అంటే రెండు వాక్యాలు, ఎక్స్‌ప్లెయిన్ అంటే ఎందుకో ఎలాగో చెప్పాలి, డిస్టింగ్విష్ అంటే ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టాలి, క్రిటికల్లీ ఎగ్జామిన్ అంటే మెచ్చుకుని ఆ తరవాత తిట్టాలి. ఇలాంటివి పది, పన్నెండు ఉంటాయి. ఇవి తెలియక, డిస్టింగ్విష్ చెయ్యమంటే రెండిటి గురించీ విడివిడిగా రెండు వ్యాసాలు రాసొచ్చే పిల్లలున్నారు. తెలిసిందంతా రాశామండీ, మార్కులు వెయ్యలేదని ఏడుస్తారు. తెలిసిందంతా రాయమని ఎవరడిగారు?

బట్టీ గురించి చెప్పకుండా ఈ విషయం ముగించడం అన్యాయం. బట్టీ పట్టే పిల్లల్ని చూసి పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. నాకు వాళ్ల మీద గౌరవం ఉంది. చేతిలో ఉన్న టైముకి, నెత్తిన పడ్డ భాషకి, ఇంట్లో ఉన్న పరిస్థితికి, అది వాళ్లు కనుక్కున్న ప్లాను. ఆల్ ఇన్ వన్ గైడు కొని ఇరవై సమాధానాలు అక్షరం పొల్లుపోకుండా మింగితే ఓ పది తగులుతాయి, పాస్. ఇందులో తెలివితక్కువతనం ఏముంది? చిక్కల్లా ప్రశ్నలో ఒక్క మాట మారినప్పుడే వస్తుంది. లాభాలు అడగాల్సినచోట పరిమితులు అడిగాడంటే మింగిందంతా పనికిమాలిపోతుంది, పోనీ కాస్త మార్చి రాద్దామంటే ఒక్క వాక్యం సొంతంగా కట్టిన అలవాటు లేదు. అందుకని బట్టీ పూర్తిగా మానెయ్యమని నేను చెప్పలేదు. నిర్వచనాలు, సెక్షన్ల నంబర్లు, ఫార్ములాలు నిరభ్యంతరంగా మింగమన్నాను. కారణాలు మాత్రం ఎప్పుడూ సొంత మాటల్లో రాయాలి, వచ్చీరాని ఇంగ్లీషైనా సరే. దిద్దేవాళ్లు కూడా చాలామంది మనలాగే తెలుగు మీడియంలోంచి వెళ్లినవాళ్లు, గ్రామరుకి అంత మొహం చిట్లించరు.

సిగ్గుకి కూడా గంటల్లో ఖరీదు ఉంది. క్లాసులో ఓ మాట అర్థం కాక, లేచి అడగలేక, ఇంటికొచ్చి ఫోన్లో వెతికి, ఆ వెతుకులాటలో ఇంకేదో వీడియోలో పడి, తేలేసరికి ముప్పావుగంట. లేచి అడిగితే అర నిమిషం. ఈ పద్దు టైంటేబుల్లో ఎలా రాయాలో నాకు తోచలేదు. ‘రోజుకి ఒక ప్రశ్న, తెలుగులోనైనా సరే’ అని అడుగున రాయమన్నాను.

దసరా సెలవుల తరవాత ఆమె కాంట్రాక్టు చట్టం పట్టుకొచ్చింది. వాయిడబుల్ కాంట్రాక్టు అంటే ఏమిటో చెప్పే సెక్షను. ఒకరి ఇష్టాన్ని బట్టి చెల్లుబాటయ్యేదీ, రెండోవారి ఇష్టం మీద ఆధారపడనిదీ అయిన ఒప్పందం అంటూ విశేషణాలన్నీ చెప్పుకుంటూ పోయి అసలు పేరు చివర్న చెప్తుంది. ‘ఇది మన వాక్యంలాగే ఉందండీ, ముడి ఆఖర్న పడింది’ అంది. నిజమే. 1872లో రాసినవాళ్లు ఎవరో గానీ, ఆ ఒక్క వాక్యం దగ్గర తెలుగు పిల్లకి పని తేలిక చేసిపెట్టారు. ఆమె లాకి పెట్టిన గంటన్నరలో పావుగంట తనే తగ్గించుకుంది, నన్ను అడగలేదు. ఎకనమిక్సులో నారుమడి అక్కర్లేదట, సూటిగా ఇంగ్లీషులోనే చదివేస్తోంది. వెదజల్లు సాగన్నమాట.

మొన్న వాళ్ల నాన్న మిల్లు నుంచి వస్తూ గేటు దగ్గర ఆగారు. ‘డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్ష రాస్తానంటోందండి. మీరు వేసిన టైంటేబులే పనికొస్తుందాండీ?’ అని అడిగారు. రాదని చెప్పాను. 2021లో కేంద్రం నిర్ణయం తీసుకున్నాక క్లర్కు పరీక్షలు తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో పెడుతున్నారు, కానీ ఇంగ్లీషు విభాగం ఇంగ్లీషులోనే ఉంటుంది కదా. ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకి 60 నిమిషాలు. అక్కడ ఒక వాక్యాన్ని రెండోసారి చదివే వీలే లేదు. దానికి వేరే లెక్క వెయ్యాలి, ఆదివారం అమ్మాయిని పంపించండి, పాత పేపర్లు కూడా తెమ్మనండి అన్నాను.